మూడు కూతలు

చలికాలం వచ్చిందని ఈ ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది గీజర్లు బిగించే మాకే. దీపావళి మర్నాటి నుంచి ఫోనుకు తెరిపి ఉండదు. ఎండాకాలమంతా మొహం చూడనివాళ్లు కూడా 'భయ్యా, జర జల్దీ రావా' అని బతిమాలతారు. ఆ ఏడాది కార్తీకమాసంలో కోకాపేటలో ఇరవై రెండో అంతస్తులో ఒక పాతిక లీటర్ల గీజరు బిగించాను. ముప్పావుగంట పని. ఆ ముప్పావుగంట పని మా ఇంటిని మార్చేసిందంటే ఎవరూ నమ్మరు. నేను కూడా చాలా రోజులు నమ్మలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఇరవై ఆరేళ్లుగా గోడలకు కన్నాలు వేస్తున్నాను. ఇప్పుడు ఆ టవర్లు లేచిన చోట ఒకప్పుడు మా నాయిన జొన్న వేసేవాడు. ఈనాడు నేను అక్కడికి పోవాలంటే గేటు దగ్గర ఫోటో దిగి, సర్వీసు లిఫ్టులో చెత్త డబ్బాల పక్కన నిలబడి పైకి పోవాలి. దీని మీద చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అడిగేవాళ్లే లేరు.

కంపెనీ మా ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇస్తుంది. పనులన్నీ యాప్‌లో ఆ కోడ్ మీదే వస్తాయి. పని అయ్యాక కస్టమరు ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది వాళ్లు ఇస్తేనే పని ముగిసినట్టు. ఒకే ఇంటి నుంచి మూడో ఫిర్యాదు వచ్చిందంటే కోడ్ తీసేస్తారు, అడగడాలు, చెప్పుకోవడాలు ఉండవు. కోడ్ పోయినవాడు యాభై ఏళ్ల వయసులో పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, ఏ మేస్త్రీ కళ్లలోనైనా పడతానా అని చూడాలి.

బిగించిన ఐదో రోజు ఆ ఇంటి నుంచి మొదటి ఫిర్యాదు వచ్చింది. 'గీజరు నుంచి వింత శబ్దాలు.'

తలుపు తీసింది ఆ ఇంటి పెద్దావిడ భ్రమరాంబగారు. రాజమండ్రి వైపు వాళ్లు. భర్త నరసింహమూర్తిగారు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేరు. పది నెలల మనవరాలు రసజ్ఞ ఆవిడ చంకలో ఉంది.

"నువ్వేనా బాబూ బిగించింది?"

"నేనేనమ్మా. ఏమైంది?"

"ఏమైందని చెప్పను? రెండు గొంతులతో మాట్లాడుతోంది. ఒకటేమో గలగలమంటుంది. ఇంకోటి సన్నగా ఈల వేస్తుంది."

"కొత్తది కదమ్మా. వారం రోజులు అట్లనే ఉంటది. కొత్త చెప్పులు కిర్రుమనవా?"

"చెప్పులు తెల్లారకుండా పసిపిల్లని లేపవుగా."

సంగతేమిటంటే, ఆవిడకు కార్తీకమాసం తెల్లవారుజామున తలస్నానం చేసే ఆనవాయితీ ఉంది. అయిదింటికి గీజరు వేస్తే, ఆ గోడకు అవతలి గదిలో పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తోంది. ఈ టవర్లలో ఇటుక ఉండదు, గోడలన్నీ కాంక్రీటే. ఇటు గిల్లితే అటు తెలుస్తుంది. అందుకని ఆవిడ నాలుగు రోజులుగా చన్నీళ్లే పోసుకుంటోంది. అరవై అయిదు దాటిన మనిషి.

బాత్రూంలో స్టూలెక్కి పైకప్పు దగ్గరి రేకు జరిపి చూశాను. ట్యాంకు నడుముకు నల్లతాడు, దానికి ఏడు గవ్వలు, ఒక పసుపుకొమ్ము కట్టి ఉన్నాయి.

"ఇదేందమ్మా?"

"దిష్టికి కట్టాను. కొత్త వస్తువు కదా."

కిందింటి మోటారు ఆన్ అయినప్పుడల్లా పైపులు వణుకుతాయి, పైపులతో ట్యాంకు వణుకుతుంది, ట్యాంకుతో గవ్వలు ఊగి రేకును కొడతాయి. తాడు విప్పి ఆవిడ చేతిలో పెట్టాను.

"మీ గీజరుకు దిష్టి తగల్లేదమ్మా, గవ్వలు తగిలినయ్."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే, "మరి ఆ సన్న చప్పుడో?" అంది.

"అది గూడ గిదే."

ఆవిడ ఓటీపీ పైకి చదవబోతే, ఫోనే నా చేతికి ఇవ్వమన్నాను. నేనెప్పుడూ అంతే, అంకెలు కళ్లతో చూసే కొట్టుకుంటాను. అది నా జాగ్రత్త అనుకునేవాణ్ని.

ఆ ఆదివారం మా ఇంట్లో పప్పు మాడిపోయింది.

మేం ఉండేది చందానగర్‌లో, రెండు గదుల కిరాయి ఇల్లు. నా భార్య సత్తెమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఆదివారం ఒక్కరోజే మా ఇంటి వంట. పొయ్యి మీద కుక్కర్ పెట్టి, "కొత్తిమీర తెస్త, మూడు కూతలు రాంగనే బంద్ చెయ్యి" అని నాకు చెప్పి వెళ్లింది. నేను గుమ్మంలో కూర్చుని డ్రిల్లింగ్ మిషను తుడుచుకుంటున్నాను. మా ప్రశాంతి మిద్దె మీద నుంచి పరుగెత్తుకుంటూ దిగి, నన్ను దాటుకుని పోయి పొయ్యి ఆపేదాకా నాకేమీ తెలియదు. అప్పుడు మాడు వాసన వచ్చింది.

"పదకొండు కూతలు నాయినా. బట్టలు ఆరేసుకుంట లెక్కవెట్టిన. ఇప్పుడు లేస్తవు, అప్పుడు లేస్తవు అని చూసిన."

"కూతే రాలే."

అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన సత్తెమ్మ కుక్కర్ మూత తీసి చూసింది. "వినవడక గాదు బిడ్డా, వినబుద్ధి గాక. ఈ ఇంట్ల మనం చెప్పింది మీ నాయిన ఎన్నడు విన్నడు?"

"మీరు మాట్లాడేది మనిషికి సమజైతదా? తల్లీబిడ్డలిద్దరు గొనుగుడే గొనుగుడు," అన్నాను.

నిజంగానే అలా అనిపించేది. రెండు మూడేళ్లుగా ఊరంతా గొణగడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ వాళ్లు, కస్టమర్లు, చివరికి టీవీలో వార్తలు చదివేవాళ్లు కూడా. మర్యాద పోయింది, నాలాంటివాడితో నోరు తెరిచి మాట్లాడటం కూడా ఎవరికీ ఇష్టం లేదు అనుకుని వాళ్లందరి మీదా కోపం పెంచుకున్నాను.

ప్రశాంతి ఆ రోజు నాతో వాదించలేదు. మామూలుగా మాటకు మాట అప్పజెప్పే పిల్ల. డిగ్రీ అయ్యాక గచ్చిబౌలిలో ఒక కాల్ సెంటరులో ఏడాది చేసి, పొద్దస్తమానం చెవిలో తిట్లు తినలేనని మానేసింది. 'నాకు నీ పని నేర్పు నాయినా' అని రెండుసార్లు అడిగింది. 'ఆడపిల్లవు, స్టూలెక్కి గోడలు తొలుస్తవా' అని రెండుసార్లూ కసిరాను. ఆ రోజు మాడిన కుక్కర్ ముందు కూర్చుని పీచుతో రుద్దుతూ, మధ్యమధ్య నా మొహం వైపు చూసింది, అంతే.

మంగళవారం రెండో ఫిర్యాదు పడింది. ఈసారి భ్రమరాంబగారి కొడుకు ఉదయ్ భాస్కర్ ఆఫీసు నుంచే యాప్‌లో పెట్టాడు. కంపెనీ నుంచి కూడా ఒక మెసేజ్ వచ్చింది, ఎర్ర అక్షరాలతో.

నేను వెళ్లేసరికి గీజరు వేసే ఉంచారు. బాత్రూంలో నిలబడ్డాను. ట్యాంకు మీద చెయ్యి పెట్టాను, వెచ్చబడుతోంది. చప్పుడు లేదు. పిల్లగదిలోకి వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాను. అక్కడా లేదు.

"ఇదిగో, ఇప్పుడొస్తోంది," అంది భ్రమరాంబగారు.

"ఏం వస్తలేదమ్మా."

హాల్లో సోఫాలో పేపరు చదువుతున్న నరసింహమూర్తిగారు తలెత్తారు. "నాకూ ఏమీ వినపడట్లేదే," అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "చూడుండ్రి అమ్మా, సారే చెప్తున్నరు."

భ్రమరాంబగారు బల్ల వైపు చూసింది. కళ్లజోడు పెట్టె పక్కన మూత తీసిన చిన్న డబ్బీ, అందులో చింతగింజంత మిషను.

"ఆయన చెవి మిషను అక్కడుంది బాబూ," అంది నెమ్మదిగా.

నరసింహమూర్తిగారు తప్పు చేసి దొరికినవాడిలా నవ్వారు. "అది పెట్టుకుంటే ఇల్లంతా సంతలా ఉంటుందయ్యా," అని పేపరు వెనక్కి వెళ్లిపోయారు.

మళ్లీ బాత్రూంలోకి వెళ్లాను. అయినా నా పని నాకు తెలుసు. నీళ్లు కాగేకొద్దీ ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది, వేడినీళ్ల కొళాయి తిప్పితే పడిపోతుంది. చప్పుడు ఒత్తిడి వల్లయితే కొళాయి కట్టగానే మొదలవ్వాలి, తిప్పగానే ఆగాలి. తిప్పాను, కట్టాను. నాకు తేడా తెలియలేదు. తల తిప్పితే, తలుపు దగ్గర నాయనమ్మ చంకలో రసజ్ఞ కనబడింది. అది నన్ను చూడటం లేదు. మెడ సాచి పైన గీజరు వైపు చూస్తోంది.

కొళాయి తిప్పాను. పిల్ల చూపు దించి నాయనమ్మ గాజులతో ఆడుకుంది. కట్టాను. కాసేపటికి మెడ మళ్లీ పైకి తిరిగింది. నాలుగుసార్లు అలా చేశాను. నాలుగుసార్లూ తిరిగింది.

"ఏం లేదమ్మా," అన్నాను. చెబుతున్నది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలిసిందని ఇప్పుడనిపిస్తుంది.

"ఓటీపీ ఇవ్వను బాబూ. ఏమీ అనుకోకు. వచ్చే సోమవారం ఈ కార్తీకానికి ఆఖరి సోమవారం. ఆ లోపల నువ్వే వచ్చి బాగుచేస్తే సరే. లేదంటే మావాడు మళ్లీ ఫిర్యాదు పెడతానంటున్నాడు."

అంటే మూడోది. కింద పార్కింగులో బండి మీద చాలాసేపు కూర్చున్నాను. తాళంచెవితో పెట్రోలు ట్యాంకు మీద గీశాను. గీత పడింది. చప్పుడు రాలేదు. జేబులో ఫోను మోగింది. మోగిందని కాదు, వణికిందని తీశాను. ఎన్నాళ్లుగా వణుకు చూసి తీస్తున్నానో లెక్క వేసుకుంటే రెండేళ్లు దాటింది. కాంక్రీటు తొలిచే మిషను ఇరవై ఆరేళ్లు ఈ చెవుల పక్కనే తిరిగింది. పక్కన తాపీపనివాడు చెవుల్లో దూది పెట్టుకుంటే, పట్నపు సోకులని ఎగతాళి చేసినవాణ్ని.

శనివారం పొద్దున టీ తాగుతూ అన్నాను. "ప్రశాంతీ, బండి మీద బ్యాగు పట్టుకోనీకి మనిషి కావాలె."

"ఇన్నేండ్లు మోకాళ్ల నడుమ పెట్టుకునే పోతివి గద."

"వస్తవా, రావా?"

గ్లాసు కింద పెట్టింది. "వస్త," అంది.

సత్తెమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి ఇద్దర్నీ చూసింది. "ఏంది, పొద్దు పడమర పొడిసిందా?" అని మళ్లీ లోపలికి పోయింది.

గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి ప్రశాంతి ఏదో అంటున్నట్టు వీపుకు తెలిసింది కానీ మాట తెలియలేదు. అప్పుడది ముందుకు వంగి, బండి అద్దంలో నాకు మొహం కనబడేలా పెట్టింది. పెదాలు స్పష్టంగా కదిలించి చెప్పింది.

"నాకు తెలుసు నాయినా. కుక్కర్ నాడే తెలిసింది."

లైటు పచ్చబడింది. వెనక ఎవడో హారన్ కొట్టే ఉంటాడు.

"బ్యాగు గట్టిగ పట్టుకో," అన్నాను.

భ్రమరాంబగారు మమ్మల్ని లోపలికి పిలిచి గీజరు వేసి, పిల్లను తీసుకుని పక్కకు జరిగింది. బాత్రూంలోకి పోయేముందు ప్రశాంతి చెవిలో చెప్పాను, చప్పుడు వస్తే ఒక వేలు చూపమని, ఆగితే పిడికిలి బిగించమని. పావుగంటకు వేలు లేచింది.

"వస్తుందా?"

"చెవుల సూది గుచ్చినట్టు వస్తుంది నాయినా. నీకు..." అని ఆగిపోయింది.

"ఎక్కడినుంచి?"

స్టూలు ఎక్కింది. ఇన్నేళ్లు నేను ఎక్కనివ్వని స్టూలు. ట్యాంకుకు చెవి దగ్గరగా పెట్టి, పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు తల జరుపుకుంటూ వచ్చింది. "ట్యాంకుల లేదు. కింద, ఎడమ దిక్కు. ఈ ఇత్తడి ముక్క దగ్గర."

అది సేఫ్టీ వాల్వ్. ఎక్కువైన ఒత్తిడి బయటికి పోవడానికి ఉండే వేలెడంత ముక్క. దాని మీద వేలి కొస ఆనించాను. చీమ పాకినట్టు సన్నటి అదురు. ఇన్నాళ్లూ ట్యాంకును తడిమాను కానీ దీని మీద వేలు పెట్టలేదు. ప్రశాంతి వేలు లేచి ఉంది, నా వేలి కింద చీమ పాకుతోంది. కొళాయి తిప్పాను. అది పిడికిలి బిగించింది, చీమ ఆగిపోయింది. ఆ చప్పుడు మా ఇద్దరికీ చెరో దారిన అందింది.

స్విచ్ ఆపి, నీళ్లు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి వాల్వ్ విప్పాను. లోపల నోటి దగ్గర బెత్తెడు దారం పోగు అడ్డంగా చిక్కుకుని ఉంది. సఫేదా అనే తెల్ల పేస్టు పూసిన దారం. కాగిన నీళ్ల ఒత్తిడి ఆ సందులోంచి దూరినప్పుడల్లా పోగు అదిరి ఈల వేస్తోంది.

దారం నాదే. నీళ్లు కారకుండా ఇప్పుడందరూ జాయింట్లకు తెల్ల టేపు చుడతారు. నేను చుట్టను. దారం చుట్టి సఫేదా పూస్తేనే పని అని మా ఉస్తాదు నేర్పాడు. టేపు చుట్టేవాళ్లను చూసి, పని రానోళ్లని ఇన్నేళ్లు నవ్వాను. ఆ పోగు చివర తెగి లోపలికి పోయింది, నేను చూసుకోలేదు.

పోగు తీసేసి, కడిగి, మళ్లీ బిగించాం. బ్యాగు అడుగున కంపెనీ ఇచ్చిన టేపు చుట్ట విప్పకుండా పడి ఉంది. ప్రశాంతి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. టేపే చుట్టాను. నీళ్లు నింపి స్విచ్ వేసి, కాగేదాకా కూర్చున్నాం. ప్రశాంతి పిడికిలి విప్పలేదు. పిల్ల నాయనమ్మ భుజం మీద నిద్రపోయింది.

ప్రశాంతి నా ఫోనులో యాప్ తెరిచింది. "కారణం అడుగుతుంది. పార్ట్ పాడైందని కొడితే కంపెనీ మీదికి పోతది. ఫిట్టింగ్ తప్పు అని కొడితే నీ కోడ్ మీదికి వస్తది. ఏది కొట్టాలె?"

కాఫీ గ్లాసులతో భ్రమరాంబగారు గుమ్మంలో నిలబడి ఉంది. పోగు ఇంకా నా అరచేతిలోనే ఉంది. నలిపి జేబులో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు.

"ఫిట్టింగే కొట్టు," అన్నాను. తర్వాత ఆవిడ వైపు తిరిగాను. "తప్పు నాదేనమ్మా. ఆ చప్పుడు నాకు ఇనవడదు. అందుకే లేదన్న."

ఆ మాట బయటికి చెప్పడం అదే మొదలు. ఏ పైకప్పూ కూలలేదు.

భ్రమరాంబగారు గ్లాసు నా చేతికిచ్చింది. "చల్లారిపోతుంది, తాగు బాబూ," అంది. ప్రశాంతికి మాత్రం, "నీ చెవులు బంగారం తల్లీ," అంది.

"మా నాయిన చేతులు ఆంటీ. నేను ఉత్త వేలు చూపిన, అంతే."

ఓటీపీ ఇచ్చాక నరసింహమూర్తిగారు నన్ను బాల్కనీలోకి పిలిచారు. చెవికి మిషను పెట్టుకుని ఉన్నారు. నా మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి మాట్లాడారు.

"నేను ఆరేళ్లు దాచానయ్యా. ఆఫీసులో అందరూ గొణుగుతున్నారని తిట్టేవాణ్ని. ఒకణ్ని బదిలీ కూడా చేయించాను. నువ్వు ఎవర్నైనా తిట్టావా?"

"ఇంట్లోళ్లనే సార్."

"వాళ్లు గొణగరు. మామూలుగానే మాట్లాడతారు. మనకే అలా చేరుతుంది."

అక్కడినుంచి చూస్తే కింద రోడ్డు, రోడ్డు అవతల ఇంకో టవరుకు పునాదుల గొయ్యి. మా జొన్నచేను ఆ గొయ్యి దగ్గరే అనుకుంటాను. ఆ రోజు దాన్ని వెతకలేదు.

సోమవారం పొద్దున ప్రశాంతి ఫోనుకు భ్రమరాంబగారి మెసేజ్ వచ్చింది. అది పైకి చదివింది. 'వేడినీళ్లతో తలస్నానం అయింది. పిల్ల నిద్రపోతోంది. నాన్నగారికి చెప్పు.'

నా కోడ్ మీద ఒక మచ్చ పడింది, కోడ్ మాత్రం ఉంది. డిసెంబరులో ప్రశాంతి కంపెనీ ట్రైనింగుకు వెళ్లింది. పన్నెండు మందిలో ఆడపిల్ల అదొక్కతే. జనవరి చివరికి దానికీ ఒక కోడ్ వచ్చింది. సత్తెమ్మ వారం రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత హాస్టల్లో గీజరు చెడిపోతే, "మా బిడ్డను పిలుస్త" అని వార్డెన్‌తో తనే చెప్పింది. నన్ను పిలుస్తానని అనలేదు. పెళ్లై పాతికేళ్లయింది, అదీ నా గౌరవం.

దవాఖానలో చెవులు చూసిన డాక్టరమ్మ, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అంది. డ్రిల్లింగ్ పట్టుకుంటే చెవులకు మూతలు పెట్టుకోవాలని రాసిచ్చింది. ఫిబ్రవరిలో చెవి మిషను వచ్చింది. ఇంటికి తెచ్చి కుడి చెవికి పెట్టుకుని, అద్దంలో చూసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. తల్లీబిడ్డలిద్దరూ చెవులు మూసుకున్నారు.

"ఏమైంది?"

"ఈల వేస్తుంది నాయినా," అంది ప్రశాంతి. దగ్గరికొచ్చి, నా చెవి పట్టుకుని, మిషను కొంచెం తిప్పి లోపలికి నొక్కింది. "సరిగ కూసోలే. ఫిట్టింగ్ తప్పు."

సత్తెమ్మ నవ్వు మొదలుపెట్టింది. ఆ నవ్వు చివర సన్నగా ఒక కూత ఉంటుందని, పెళ్లయిన కొత్తలో దాన్ని విని నేను వెక్కిరించేవాణ్నని, మర్చిపోయాను.

మొదటి రెండు రోజులు తల పగిలిపోయింది. ప్లాస్టిక్ కవరు, గరిటె, పక్కింటి చీపురు, నా చొక్కా నాకే రొద. తీసి డబ్బీలో పెడితే ప్రశాంతి మళ్లీ తీసి పెట్టేది. దానికి ఇప్పుడు కోడ్ ఉంది కాబట్టి నా మీద అజమాయిషీ కూడా ఉంది. టేపు గొప్పా, దారం గొప్పా అని రోజూ కొట్లాడుకుంటాం. నేను ఓడిపోయానని ఒప్పుకోలేదు కానీ దారం కొనడం మానేశాను.

ఆ ఆదివారం సత్తెమ్మ కుక్కర్ పొయ్యి మీద పెట్టి కొత్తిమీరకు వెళ్లింది. నాకేమీ చెప్పలేదు. ఆ పని నాకు చెప్పడం పప్పు మాడిన నాడే మానేసింది. ప్రశాంతి పనికి పోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

మొదటి కూతకు ఉలిక్కిపడ్డాను. రెండో కూతకు మిషను చెవిలో సర్దుకున్నాను. మూడోది మొదలవుతుండగానే లేచి లోపలికి పోయాను, అది పూర్తయ్యేదాకా నిలబడి మొత్తం విని, పొయ్యి ఆపేశాను.

తిరిగి చూస్తే కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని సత్తెమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"మూడేనా?" అంది. నాకు కాదు, తనలో తను అనుకున్నట్టు, మెల్లగా.

"మూడే," అన్నాను.